పనిముట్ల గ్రంథాలయము: లైనక్సుపై జావాస్క్రిప్టు స్థాపన చరిత్ర

గ్రంథాలయమనగా పుస్తకములు పేర్చిన గది మాత్రమే కాదని గడచిన 25 సంవత్సరములలో మన గ్రామస్థులందరును స్వానుభవమున గ్రహించియున్నారు. గ్రంథమును వ్రాసినవారు ఒకరు, కొని యిచ్చినవారు వేరొకరు, అట్ట వేసి సంఖ్య వ్రాసి బీరువాలో నుంచినవారు ఇంకొకరు, చదువుకొనువారు మరియొకరు. ఈ నలుగురును ఒకరినొకరు ఎరుగకపోయినను, పరస్పరము గల నమ్మకముచేతనే గ్రంథాలయము నడచును. రజతోత్సవ సంచికకు చారిత్రక వ్యాసమొకటి వ్రాయుమని కార్యవర్గమువారు కోరినప్పుడు, ఈ నమ్మకమునకు సంబంధించిన విషయమునే నేను ఎన్నుకొంటిని. అయితే అది తాళపత్రముల చరిత్రయు కాదు, శాసనముల చరిత్రయు కాదు. మన కన్నులయెదుటనే పుట్టి పెరిగిన ఒక వింత గ్రంథాలయపు చరిత్ర.

ఇటీవల మన పఠనమందిరమున మూలనున్న లైనక్సు కంప్యూటరు ముందు కళాశాల విద్యార్థి యొకడు కూర్చుండి, జావాస్క్రిప్టు భాషలో ప్రోగ్రాము వ్రాయుటకు కావలసిన పనిముట్టు నొకదానిని తెప్పించుకొనుటకై ఒక్క పంక్తి టైపు చేసెను. తెరమీద పేర్లు పరుగులు తీసినవి. ఒక నిమిషమైన గడువకమునుపే పని ముగిసినది. అతడు నావైపు తిరిగి, “మాస్టారూ, నేనడిగింది ఒక్కటే. వందలకొద్దీ వచ్చిపడ్డాయి. ఇవన్నీ ఎవరివండీ?” అని అడిగెను. ఎంత చక్కని ప్రశ్న! ఆ పంక్తిని టైపు చేయువారు లోకమున కోట్లకొలది గలరు. ఆ ప్రశ్న వేయువారు అరుదు. అతనికి ఆనాడు తొందరలో చెప్పలేకపోయిన సమాధానమే ఈ వ్యాసము.

బీరువాలోని కాగితపు పట్టీలు

పలువురికి ఉపయోగపడు ప్రోగ్రాము భాగముల సంపుటమునకు ప్రోగ్రాములు వ్రాయువారు ‘లైబ్రరీ’ అనియే పేరు పెట్టుకొనిరి. ఇది అలంకారమునకై పెట్టిన పేరు కాదు. ఇంగ్లండునందలి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున మారిస్ విల్క్స్ నాయకత్వమున నిర్మింపబడిన ఎడ్సాక్ అను కంప్యూటరు 1949 మే 6వ తేదీన మొట్టమొదట పనిచేసెను. వర్గమూలమును కనుగొనుట, ఫలితములను అచ్చొత్తించుట మొదలగు పనులు ప్రతి లెక్కలోను వచ్చుచుండును. వానిని ఎవరికి వారు మరల మరల వ్రాసికొనుట వృథాశ్రమ గదా! కావున అట్టి చిన్న ప్రోగ్రాములను రంధ్రములు పొడిచిన కాగితపు పట్టీలమీద సిద్ధపరచి, ఒక ఉక్కు బీరువాలో భద్రపరచి, కావలసినవారు నకలు తీసికొని తమ ప్రోగ్రాములో చేర్చుకొను ఏర్పాటు చేసిరి. 1951లో విల్క్స్, వీలర్, గిల్ అను మువ్వురు ఈ పద్ధతిని గ్రంథరూపమున వివరించిరి.

ఆ బీరువాకు గల ఒక సుగుణమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. నకలు తీసికొన్నవాని నకలు వాని చేతిలోనే యుండెడిది. పట్టీ వ్రాసినవాడు అలిగి వెళ్లిపోయినను, అతని లెక్క ఆగెడిది కాదు. ఈ సుగుణము కాలక్రమమున ఎట్లు జారిపోయెనో, దానిని మరల సంపాదించుటకు ఎంత శ్రమ కావలసివచ్చెనో ముందు చూడగలము.

లైనక్సు భాండాగారములు

1983 సెప్టెంబరులో అమెరికాయందు రిచర్డ్ స్టాల్‌మన్ అను ప్రోగ్రాము రచయిత ‘గ్నూ’ అను సంకల్పమును ప్రకటించెను. ప్రోగ్రామును ఎవరైనను నడుపుకొనవచ్చును, దాని మూలరచనను చదువవచ్చును, దిద్దవచ్చును, పరులకు పంచవచ్చును అనునది ఆ సంకల్పమునకు మూలసూత్రము. 1991 ఆగస్టు 25వ తేదీన ఫిన్లండు దేశపు హెల్సింకీ విశ్వవిద్యాలయమున చదువుచున్న 21 ఏండ్ల యువకుడు లైనస్ టోర్వాల్డ్స్ తాను సరదాకై ఒక ఆపరేటింగ్ సిస్టమును, అనగా కంప్యూటరును నడిపించు మూలప్రోగ్రామును, వ్రాయుచున్నానని తెలియజేసెను. అదియే లైనక్సు. 1992లో అతడు దానిని స్టాల్‌మన్ రూపొందించిన స్వేచ్ఛా అనుమతిపత్రము క్రిందికి తెచ్చెను. గ్నూ పనిముట్లును లైనక్సును కలిసి ఒక సంపూర్ణమైన కంప్యూటరు వ్యవస్థ యయ్యెను.

అయినను ఆ తొలినాళ్లలో లైనక్సుపై ఒక ప్రోగ్రామును స్థాపించుట సామాన్యమైన పని కాదు. మూలరచనను ఎక్కడినుండియో తెచ్చుకొనవలెను, మూట విప్పవలెను, యంత్రభాషలోనికి మార్చుకొనవలెను. నడుమ “ఫలానా లైబ్రరీ లేదు” అని కంప్యూటరు మొరాయించును. దానికై వెదకి తెచ్చినచో, అది మరియొక లైబ్రరీని కోరును. పెండ్లివారికి విడిది వెదకబోయి, వంటవానికి, వంటచెరకునకు, చివరకు అగ్గిపెట్టెకు కూడ ఊరంతయు తిరిగినట్లుండెడిది.

ఈ బాధను తీర్చుటకు పుట్టినవే లైనక్సు పంపకములు. 1993 ఆగస్టు 16వ తేదీన ఇయన్ మర్డాక్ అను విద్యార్థి డెబియన్ అను పంపకమును ప్రకటించెను. తన పేరును, డెబ్రా అను తన స్నేహితురాలి పేరును కలిపి అతడు ఆ పేరు కూర్చెను. ఇందు ప్రతి ప్రోగ్రామును ‘ప్యాకేజీ’ అను మూటగా కట్టి, ఆ మూటపై దాని పేరు, రూపసంఖ్య, అది ఆధారపడిన తక్కిన మూటల పట్టిక వ్రాయుదురు. 1999 మార్చిలో వెలువడిన డెబియన్ 2.1తో ‘ఆప్ట్’ అను సాధనము అందరికి అందుబాటులోనికి వచ్చెను. కోరిన ప్యాకేజీ పేరు చెప్పినచో, ఆప్ట్ సూచీపట్టికను చూచి, దాని కాధారమైన వానినన్నిటిని లెక్కించి, నెట్‌వర్కుద్వారా భాండాగారమునుండి తెచ్చి, వరుసతప్పక అమర్చును. పాఠకుని కాలమును ఆదా చేయుట గ్రంథాలయ ధర్మమని మన రంగనాథన్ గారు 1931లోనే బోధించియుండిరి. ఆ ధర్మము కంప్యూటరులోకమున ఇట్లు అమలుకు వచ్చెను.

ఆప్ట్ వెనుక మనుష్యులుండుట దాని అసలు బలము. ప్రతి ప్యాకేజీకి ఒక సంరక్షకు డుండును. అతడు జీతగాడు కాడు; స్వచ్ఛందసేవకుడు. మూలరచనను పరిశీలించి, అనుమతిపత్రము సరిగానున్నదో లేదో చూచి, తక్కినవానితో పొత్తు కుదురునో లేదో పరీక్షించి, అటుపిమ్మటనే భాండాగారమున చేర్చును. 2007లో వెలువడిన డెబియన్ 4.0 నుండి భాండాగారపు సూచీపట్టికపై గల రహస్యలిపి సంతకమును ఆప్ట్ స్వయముగా సరిచూచుటయు ఆచారమయ్యెను. గ్రంథాలయాధికారి ముద్ర లేని పుస్తకము బీరువాలోనికి రాదన్నమాట.

గ్రంథాలయము లేని భాష

ఇక జావాస్క్రిప్టు మాట. 1995 మే నెలలో నెట్‌స్కేప్ సంస్థయందు బ్రెండన్ ఐక్ అను ఉద్యోగి వెబ్ పుటలకు చలనము కలిగించుటకై ఒక చిన్న భాషకు తొలి నమూనాను 10 దినములలో సిద్ధపరచెను. మొదట దానికి ‘మోచా’ యని పేరు, తరువాత ‘లైవ్‌స్క్రిప్టు’, ఆ డిసెంబరు 4వ తేదీన ‘జావాస్క్రిప్టు’ యని ప్రకటించిరి. ఆనాడు ప్రసిద్ధి కెక్కుచున్న జావా భాష పేరును తగిలించుకొన్నదే కాని, రెండును ఒక గర్భమున పుట్టిన భాషలు కావు. 1997 జూనులో ‘ఎక్మా-262’ అను పేరుతో దానికి ప్రమాణగ్రంథము ఏర్పడెను.

ఈ భాష బ్రౌజరు అను పంజరములో పుట్టినది. కంప్యూటరులోని ఫైళ్లను ముట్టుకొను అధికారము దానికి లేదు. ఒక ఫైలులోని రచనను మరియొక ఫైలు పేరు పెట్టి పిలుచుకొను పద్ధతియు తొలుత దానిలో లేదు. అనగా గ్రంథాలయము నేర్పరచుకొను సదుపాయమే లేని భాష యది. 2006లో జాన్ రెసిగ్ ప్రకటించిన ‘జేక్వెరీ’ వంటి ప్రసిద్ధమైన లైబ్రరీని సైతము జనులు చేతితో దిగుమతి చేసికొని, తమ వెబ్ పుటల ప్రక్కన నుంచుకొనుచుండిరి. కొత్తరూపము వచ్చినదని తెలిసినవాడు మార్చుకొనును. తెలియనివాడు పాతదానితోనే కాలము గడపును. ఇదే కాలమున పెర్ల్ భాషవారికి 1995 నుండియే ‘సీపాన్’ అను మహాగ్రంథాలయ ముండెననుట గమనింపదగినది.

నోడ్, ఎన్‌పీఎం

2008 సెప్టెంబరు 2వ తేదీన గూగుల్ సంస్థ క్రోమ్ బ్రౌజరుతోపాటు ‘వీ8’ అను జావాస్క్రిప్టు యంత్రమును, మూలరచనతో సహా, వెలువరించెను. దాని వేగము చూచి లోకము ఆశ్చర్యపడెను. 2009లో రయన్ డాల్ అను యువకుడు ఆ యంత్రమును బ్రౌజరునుండి వెలికిదీసి, ఫైళ్లను నెట్‌వర్కును అందుకొను చేతులమర్చి, ‘నోడ్’ అను ప్రోగ్రామును నిర్మించెను. ఆ సంవత్సరము నవంబరు 8వ తేదీన బెర్లినులో జరిగిన సభలో అతడు దానిని వివరింపగా సభ్యులు ఎంతయో హర్షించిరి. పంజరములోని చిలుక బయటికి వచ్చెను.

తొలి సంవత్సరములలో నోడ్‌కు లైనక్సు, మాక్ యంత్రములే నెలవులు. విండోసుపై స్వయముగా నడుచు రూపము 2011లోగాని రాలేదు. లైనక్సుపై దానిని స్థాపించుట మరల ఆ పాత పద్ధతియే: మూలరచనను తెచ్చుట, ‘కాన్ఫిగర్’ అనుట, ‘మేక్’ అనుట, యంత్రము గొణుగుచుండగా కాఫీ త్రాగి వచ్చుట, ‘మేక్ ఇన్‌స్టాల్’ అనుట. సీ ప్లస్ ప్లస్ కంపైలరు, పైథాన్ మున్నగునవి ముందే సిద్ధముగా నుండవలెను.

2010 జనవరిలో ఐజాక్ ష్లూటర్ అను రచయిత ‘ఎన్‌పీఎం’ అను ప్యాకేజీ సాధనమును వెలువరించెను. జావాస్క్రిప్టునకు గ్రంథాలయము లభించినది. 2011 నవంబరులో వచ్చిన నోడ్ 0.6.3 నుండి ఎన్‌పీఎం నోడ్‌తో కలిసియే లభించుచున్నది. ఈ గ్రంథాలయపు నియమములు డెబియన్ నియమములకు పూర్తిగా విరుద్ధములు. ఇక్కడ ద్వారమున పరీక్షాధికారి లేడు. ఎవరైనను ఖాతా తెరచి, తన రచనకు ఇంకెవరును పెట్టుకొనని పేరు పెట్టి, నిమిషములో ప్రకటింపవచ్చును. ఒక్క కంప్యూటరుకు ఒక్క ప్రతి యనునది డెబియన్ పద్ధతి కాగా, ఇక్కడ ఎవరి పనికి వారే, ‘నోడ్ మాడ్యూల్స్’ అను అరలో, వేరువేరు ప్రతులు తెచ్చుకొందురు. ఒకే లైబ్రరీకి రెండు రూపములు ఒకే ప్రోగ్రాములో కలహింపక కాపురముండగలవు. ఇందువలన చిన్న చిన్న రచనలు పుట్టగొడుగులవలె వెలసినవి. పది పంక్తుల రచనయు ఒక గ్రంథమై కూర్చుండెను. మన విద్యార్థి ఒక్కటి అడుగగా వందలు వచ్చుటకు కారణ మిదియే. తెచ్చిన ప్రతిదియు మరికొన్నిటిని చేయిపట్టుకొని తెచ్చును.

ఒక పేరుకై తగవు

ఈ రెండు సంప్రదాయములు మొదట ఢీకొన్నది ఒక పేరు దగ్గర. డెబియన్ భాండాగారమున ‘నోడ్’ అను పేరుతో వేరొక ప్రోగ్రాము అంతకుముందే యుండెను. అది ఔత్సాహిక రేడియో సేవకులు తమ రేడియోలద్వారా కంప్యూటరు సందేశములు పంపుకొనుటకు వాడునది. క్రొత్తగా వచ్చిన నోడ్ కూడ అదే పేరుతో పిలువబడవలెనని కోరెను. రెండు వేరు పనులు చేయు ప్రోగ్రాములకు ఒకే పేరుండరాదని డెబియన్ నియమము. వాడువారి సంఖ్య ఎక్కువయని క్రొత్తవారి వాదము. ముందు వచ్చినది తామని, మారుమూల కేంద్రములలో మనిషి తోడులేక నడుచు యంత్రములు ఈ పేరునే నమ్ముకొనియున్నవని పాతవారి వాదము. 2012లో డెబియన్ సాంకేతిక సమితి విచారించి తీర్పు చెప్పెను: రేడియో ప్రోగ్రాము ప్యాకేజీ ‘ఏఎక్స్25-నోడ్’ అని మారవలెను, క్రొత్తది ‘నోడ్‌జేఎస్’ అను పేరుతో నడువవలెను, ‘నోడ్’ అను పాతపిలుపు కావలసినవారికి వేరొక చిన్న ప్యాకేజీ నీయవలెను.

తీర్పు న్యాయమైనదే కాని, దాని భారము ప్రారంభకులమీద పడెను. డెబియన్‌లోను, దానినుండి పుట్టిన ఉబుంటులోను నోడ్‌ను స్థాపించుకొని, పుస్తకములో చెప్పినట్లు ‘నోడ్’ అని టైపు చేసిన విద్యార్థికి “అట్టి ఆజ్ఞ లేదు” అను జవాబు వచ్చుచుండెను. స్థాపన సరిగానే జరిగినది, పేరే వేరు. ఎందరో దీనిని తమ లోపముగా నెంచి నిరుత్సాహపడిరి. తరువాతి సంవత్సరములలో ‘నోడ్’ అను పిలుపు క్రొత్తదానికే దక్కి, ఈ చిక్కు తొలగిపోయెను. సూచీపట్టికలో ఒక్క పేరు మారినచో పాఠకు డెంత తికమకపడునో గ్రంథాలయమును నడిపినవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

రెండు నడకలు

రెండవ వైరుధ్యము నడకలోనిది. డెబియన్ స్థిరరూపము సుమారు రెండేండ్ల కొకసారి వచ్చును. వచ్చిన పిమ్మట దానిలోని ప్రోగ్రాముల రూపసంఖ్యలు ప్రాయికముగ మారవు. దోషములు మాత్రము దిద్దుదురు. నోడ్‌వారి నడక అట్లు కాదు. నోడ్ పాలనతో విభేదించి 2014 డిసెంబరులో వేరుపడిన ‘ఐఓ.జేఎస్’ శాఖ 2015 సెప్టెంబరులో నోడ్ 4.0గా మరల కలిసిన తరువాత, సరిసంఖ్య గల రూపములను దీర్ఘకాల పోషణకై ఎన్నుకొని, ఒక్కొక్కదానిని దీర్ఘకాల పోషణ మొదలైనప్పటినుండి సుమారు 30 నెలలు కాపాడు పద్ధతి ఏర్పడినది. 2021 ఆగస్టులో డెబియన్ 11 వెలువడునప్పటికి దానిలో నోడ్ 12 ఉండెను. మూలకర్తలు అప్పటికే 16వ రూపమును వెలువరించియుండిరి. 2022 ఏప్రిలులో 12వ రూపమునకు మూలకర్తల పోషణ ముగిసెను. ఆ పిమ్మట దానిని కాపాడు భారము డెబియన్ సేవకులపై పడినది.

ఈ సందును పూడ్చుటకు 2010లో టిమ్ కాస్వెల్ మొదలిడిన ‘ఎన్‌వీఎం’ అను సాధనము మిక్కిలి ఉపకరించెను. ఇది కంప్యూటరు మొత్తమునకు సంబంధించిన అరలను ముట్టదు. వాడుకరి తన యింటి అరలోనే నోడ్ యొక్క పలురూపములను పెట్టుకొని, ఈ పనికి ఇది, ఆ పనికి అది యని మార్చుకొనవచ్చును.

ఇంటి అర అను మాటలో పెద్ద సూక్ష్మము గలదు. లైనక్సుపై ‘సుడో’ అను మాట ముందు చేర్చినచో ఆ ఆజ్ఞకు సర్వాధికారము సంక్రమించును. ఎన్‌పీఎం ద్వారా పనిముట్లను కంప్యూటరు మొత్తమునకు స్థాపింపబోయి, అనుమతి లేదను జవాబు రాగానే, ‘సుడో’ తగిలించి గట్టెక్కుట చాలమందికి అలవాటయ్యెను. 2018 ఫిబ్రవరిలో వచ్చిన ఎన్‌పీఎం 5.7.0లో ఒక దోష ముండెను. ‘సుడో’తో నడిపిన కొన్ని లైనక్సు యంత్రములపై అది మూలవ్యవస్థకు చెందిన అరల యాజమాన్యమునే మార్చివేసెను. తాళములు మారిన యింటివలె ఆ యంత్రములు నిరుపయోగములయ్యెను. దోషమును వెంటనే దిద్దిరి గాని, పరులు వ్రాసిన ప్రోగ్రామునకు ఇంటి తాళపుచెవుల గుత్తిని అప్పగింపరాదను పాఠము మిగిలినది.

11 పంక్తులు

ఇక ఈ చరిత్రకు కేంద్రమైన దినము 2016 మార్చి 22. ఎన్‌పీఎంలో అజర్ కోచులు అను రచయిత ప్రకటించిన ప్యాకేజీ యొకదానికి ఒక సందేశసేవా సంస్థ పేరే యుండెను. ఆ పేరు తమకు కావలెనని సంస్థవా రడిగిరి, రచయిత నిరాకరించెను, ఎన్‌పీఎం నిర్వాహకులు పేరును సంస్థకే ఇచ్చిరి. తన రచనలపై తనకు అధికారము లేనిచోట తా నుండనని, అతడు తన ప్యాకేజీలు 250కి పైగా ఒక్కసారిగా ఉపసంహరించుకొనెను.

వానిలో ‘లెఫ్ట్-ప్యాడ్’ అనునది యొకటి. దాని నిడివి 11 పంక్తులు. ఒక మాట కురచగా నున్నచో ఎడమవైపున ఖాళీలు గాని సున్నలు గాని చేర్చి కోరిన పొడవునకు తెచ్చుట దాని పని. ఎక్కము నేర్చిన బాలుడు వ్రాయదగినది. కాని దానిపై వేరొక ప్యాకేజీ ఆధారపడియుండెను. దానిపై ‘బేబెల్’ అను మహాసాధనము ఆధారపడియుండెను. బేబెల్‌పై లోకములోని లెక్కలేనన్ని సంస్థల ప్రోగ్రాములు ఆధారపడియుండెను. ఆ దినమున స్థాపన ఆజ్ఞ ఇచ్చిన ప్రతిచోట “అట్టి ప్యాకేజీ లేదు” అను జవాబు వచ్చెను. వేరొక సహృదయుడు నిమిషములలోనే అదే పేరుతో అట్టి రచనను ప్రకటించెను. కాని అది 1.0.0 రూపము, పలువురు కోరుచున్నది 0.0.3 రూపము. చివరకు నిర్వాహకులే, సుమారు రెండుగంటల పిమ్మట, తొలగించిన ప్రతిని యథాస్థానమున నిలిపిరి.

ఇందు తప్పెవరిది? రచయిత తన రచనను తాను తీసికొనెను. సంస్థ తన పేరు నడిగెను. నిర్వాహకులు తమ నియమమును అనుసరించిరి. ఒక్కొక్కరి పక్షమున ఒక్కొక్క న్యాయమున్నది. అయినను ఆ తగవుతో సంబంధములేని వేలకొలది పాఠకుల చేతిలోని పుస్తకము మాయమైనది. కేంబ్రిడ్జి బీరువాను ఇచట జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. అచట నకలు తీసికొన్నవాడు నకలును తనవద్ద నుంచుకొనెను. ఇచట, ప్రతిదినము మరల తెచ్చుకొనవచ్చును గదా యను ధీమాతో, ఎవరును ఉంచుకొనలేదు. “ఎరువు సొమ్ము బరువు చేటు” అను మన సామెతకు ఇంతకు మించిన ఉదాహరణ ముండదు.

గ్రంథాలయమునకు దానమిచ్చిన పుస్తకము దాతదా, పాఠకులదా యను ప్రశ్నకు మన కార్యవర్గములు ఏనాడో సమాధానము చెప్పుకొన్నవి: చిట్టాలోని కెక్కిన పుస్తకము అందరిది. ఎన్‌పీఎంవారును ఆ సంఘటన తరువాత అట్టి నియమమునే చేసిరి. ప్రకటించిన కొద్ది గంటలలోనైన ఉపసంహరింపవచ్చునుగాని, పరులు ఆధారపడిన పిమ్మట ఇచ్ఛవచ్చినట్లు తీసివేయరాదు. 2016 అక్టోబరులో ఫేస్‌బుక్ మొదలగు సంస్థలు వెలువరించిన ‘యార్న్’ అను సాధనమును, 2017 మేలో వచ్చిన ఎన్‌పీఎం 5ను ‘లాక్‌ఫైలు’ అను చిట్టాను వాడుకలోనికి తెచ్చినవి. ఏ ప్యాకేజీ, ఏ రూపము, ఎచ్చటినుండి, దాని లోపలి రచనకు గణితముచే కట్టిన ముద్ర యేది — ఇవన్నియు అందు నమోదగును. ఒక్క అక్షరము మారినను ముద్ర కలియదు. సాధనము దానిని స్వీకరింపదు. అటుపిమ్మట వృద్ధిపొందిన ‘పీఎన్‌పీఎం’ అను సాధనము ఒక్కొక్క రూపమునకు ఒక్క ప్రతినే కంప్యూటరులో నుంచి, దానినే అన్ని పనులకు ముడివేయును.

ద్వారపాలకుని నిద్ర

పుస్తకము మాయమగుటకంటె ఘోరమైనది పుస్తకములో విషము కలియుట. 2018లో ‘ఈవెంట్-స్ట్రీమ్’ అను ప్యాకేజీ రచయిత, తనకు దానిపై ఆసక్తి తగ్గినందున, సాయపడుదునని ముందుకు వచ్చిన అపరిచితునికి దానిని అప్పగించెను. ఆ వ్యక్తి అందులో ఒక క్రొత్త ఆధారమును చేర్చి, దానిద్వారా ఒక డిజిటల్ ధనపుసంచి నుండి సొమ్ము దొంగిలించు రచనను చొప్పించెను. నవంబరులో గాని అది బయటపడలేదు. 2025 సెప్టెంబరులో కొందరు సంరక్షకులు బూటకపు లేఖలకు మోసపోయి తమ ఖాతాల తాళములు పోగొట్టుకొనగా, ‘చాక్’, ‘డీబగ్’ వంటి మిక్కిలి వాడుకలోనున్న ప్యాకేజీలలో విషరచనలు చేరినవి. అదే నెలలో, స్థాపన జరుగునప్పుడే తనంతట తాను మేల్కొని, ఆ కంప్యూటరులోని రహస్యములను దోచి, తద్వారా ఇతర ప్యాకేజీలకు ప్రాకు పురుగు ప్రోగ్రాము కూడ వ్యాపించెను. ప్యాకేజీని స్థాపించుటయే దానికి చాలును, వాడనక్కరయు లేదు.

ఈ సంఘటనలలో ఒక సామాన్యాంశము గలదు. ఒక రచన లోకమునకంతకు ఆధారమైనను, దానిని కాచువాడు తరచుగా ఒంటరి, జీతము లేదు, అలసినవాడు. అట్టివాని అలసటయే దొంగలకు ద్వారమగుచున్నది. గ్రంథాలయాధికారి కుర్చీ ఖాళీయైనప్పుడు బీరువాలకు ఏమి గతి పట్టునో అదియే ఇచటను పట్టినది.

మన కంప్యూటరుపై

ఇక మన విద్యార్థికి చేయదగిన మార్గము చెప్పుదును. డెబియన్ వంశపు లైనక్సుపై ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ నోడ్‌జేఎస్ ఎన్‌పీఎం’ అనుట మొదటి మార్గము. ఇందు సంరక్షకుల పరీక్ష గలదు. రూపము కొంత పాతది. అభ్యాసమునకు ఇది చాలును. నోడ్ మూలకర్తలే సిద్ధపరచి యిచ్చు మూటను తెచ్చుకొని, వారు ప్రకటించిన ముద్రతో సరిచూచి విప్పుకొనుట రెండవ మార్గము. ఎన్‌వీఎంను ఇంటి అరలో స్థాపించి, ‘ఎన్‌వీఎం ఇన్‌స్టాల్ --ఎల్‌టీఎస్’ అని దీర్ఘకాల రూపమును తెచ్చుకొనుట మూడవది. పలుపనులు చేయువారికి ఇదియే యోగ్యము. ఏ మార్గమునైనను ‘నోడ్ --వెర్షన్’ అని అడిగి, వచ్చినది తాను కోరినదేయని నిశ్చయించుకొనవలెను.

ఆ తరువాత పాటింపవలసిన నియమములు నాలుగు. ఎన్‌పీఎంకు ‘సుడో’ తగిలింపరాదు. లాక్‌ఫైలును పారవేయక పనితోపాటు భద్రపరుపవలెను. మరియొక యంత్రముపై స్థాపించునప్పుడు ‘ఎన్‌పీఎం సీఐ’ అని ఆ చిట్టా ప్రకారమే తెప్పించుకొనవలెను. అపరిచితమైన ప్యాకేజీని తెచ్చునప్పుడు, స్థాపనవేళ దాని ఆజ్ఞలు నడువకుండ ‘--ఇగ్నోర్-స్క్రిప్ట్స్’ అను నిషేధమును వాడుకొనవచ్చును. అన్నిటికి మించి, పది పంక్తులలో తాను వ్రాసికొనగలదానికై పరుల గుమ్మము త్రొక్కరాదు.

ముగింపు

“ఇవన్నీ ఎవరివండీ?” అని ఆ బాలుడు అడిగెను. నాయనా, అవి కేంబ్రిడ్జి బీరువాలో కాగితపు పట్టీలు దాచిన వారివి. హెల్సింకీలో, బెర్లినులో, పేరు తెలియని ఎన్నో ఊళ్లలో రాత్రులు మేల్కొని వ్రాసి, వెల యడుగక ఇచ్చినవారివి. తెచ్చుకొన్న తరువాత నీవి. నీవి కనుక వానిని కాచు బాధ్యతయు నీదే. ఒక దోషము కనబడినప్పుడు మర్యాదగా తెలియజేయుట, ఒక సవరణ పంపుట, అలసిన సంరక్షకునకు కృతజ్ఞతావాక్యమైన వ్రాయుట — ఇవి ఎరువు తెచ్చుకొన్నవాడు చెల్లింపవలసిన వడ్డీ.

1914లో బెజవాడయందు గ్రంథాలయ మహాసభ జరిపిన పెద్దలు ఊరూర పుస్తకములు మాత్రమే చేర్చిన చాలునని తలపలేదు. ఊరూర వానిని కాచువారు కూడ పుట్టవలెనని కోరిరి. కంప్యూటరు గ్రంథాలయమునకు సైతము కావలసినది అదియే. మన పఠనమందిరపు మూలనున్న ఆ యంత్రము ముందు నేడు కూర్చుండు పిల్లలలో ఒక్కడైన, రేపు లోకము నమ్ముకొన్న ఒక చిన్న ప్యాకేజీకి మెలకువగల సంరక్షకుడైనచో, ఈ 25 ఏండ్ల శ్రమ ఫలించినట్లే. మన గ్రంథాలయము స్వర్ణోత్సవమును, శతవార్షికోత్సవమును కూడ ఇదే విధమున జరుపుకొనుగాక!